మూతపడిన చెత్తదిబ్బను ఊరికి ఉపయోగపరచుట

మన పల్లెలలో ఊరి వెలుపల వంకగట్టుననో, చెరువు పోరంబోకులోనో, శ్మశానమునకు పోవు దారిలోనో ఒక చెత్తదిబ్బ ఉండుట సాధారణము. ఇరువది ముప్పది ఏండ్లుగా ఊరి కసువంతయు అచ్చట చేరియుండును. ఇప్పుడు ఇంటింట చెత్తను సేకరించి, పంచాయతీలలో నెలకొల్పిన చెత్త నుండి సంపద తయారుచేయు కేంద్రములకు చేర్చు ఏర్పాటు వచ్చినందున, పలుచోట్ల పాతదిబ్బ మీద పోయుట తగ్గినది, కొన్నిచోట్ల పూర్తిగా నిలిచినది. ఆ స్థలము పాతిక సెంట్లో, అరయెకరమో ఉండును. ఊరి ఉమ్మడి భూమి నానాటికి తరిగిపోవు ఈ దినములలో అది చిన్న ఆస్తి కాదు.

ఇట్టి దిబ్బను గూర్చి ఊరిలో సాధారణముగా మూడు మాటలు వినవచ్చును. దానిని చదునుచేసి కూరగాయలు వేయుదమని కొందరందురు. మట్టి పోసి దానిపై ఒక గది కట్టుదమని మరికొందరందురు. ఏండ్లు మాగిన ఎరువే కదా, తవ్వి మామిడితోటలకు తోలుకొందమని ఇంకొందరందురు. మొదటి రెండును చేయరానివి. మూడవది పరీక్ష లేకుండ చేయరానిది. దిబ్బ కడుపులో ఏమున్నది, దానిలో పడిన వాననీరు ఎటు పోవుచున్నది — ఈ రెండు సంగతులు తెలిసిన పిమ్మటనే ఉపయోగమును నిర్ణయింపవలెను. అట్లు నిర్ణయించు విధమును నగరి ప్రాంతపు రైతులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

నాటి పెంటదిబ్బ, నేటి చెత్తదిబ్బ

మన పెద్దలు పెంటదిబ్బను బంగారముగా చూచిరి. పేడ, బూడిద, ఆకు అలము, పశువులు మిగిల్చిన చొప్ప తప్ప అందులో వేరొకటి లేకుండెను. పట్టణపు చెత్తను సయితము ఎరువుగా మార్చు పద్ధతిని 1939లో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి. ఎన్. ఆచార్య రూపొందించిరి. గుంతలో చెత్తను, మలమును పొరలుపొరలుగా వేసి, పైన మట్టితో మూసి మాగనిచ్చు ఆ విధానము బెంగుళూరు పద్ధతియని నేటికిని పేరుపడియున్నది. ఆనాటి చెత్తలో కుళ్లు పదార్థమే ఎక్కువ గనుక ఆ ఎరువు చేలకు మేలుచేసినది.

నేటి చెత్తదిబ్బ అట్టిది కాదు. అందులో ప్లాస్టిక్ సంచులు, పగిలిన గాజు, టార్చిలైటు సెల్సు, ట్యూబులైట్లు, మందుల అట్టలు, రంగు డబ్బాలు కలిసియున్నవి. నగరి, పుత్తూరు పరిసరములలో మరమగ్గములును, నూలు అద్దకపు పనియు ఉన్నందున, కొన్ని దిబ్బలలో రంగు అంటిన వ్యర్థములు సయితము చేరియుండవచ్చును. పేరు దిబ్బయే అయినను వస్తువు వేరు. ఈ భేదమును మరచుటయే అన్ని పొరపాట్లకు మూలము.

దిబ్బ లోపల జరుగునదేమి?

చెత్త పోయుట మానినంత మాత్రమున దిబ్బలోని మార్పులు ఆగవు. అవి ముఖ్యముగా మూడు.

మొదటిది ఊటనీరు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. పాతిక సెంట్ల దిబ్బ అనగా సుమారు 1,000 చదరపు మీటర్లు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన కురిసినచో దానిమీద పడు నీరు 10 లక్షల లీటర్లు. అందులో నాలుగవ వంతు లోపలికి ఇంకినను రెండున్నర లక్షల లీటర్లు చెత్తగుండ దిగి, లవణములను, కుళ్లిన పదార్థములను, కొంతవరకు లోహములను కరిగించుకొని భూమిలోనికి పోవును. మన ప్రాంతము రాతినేల. పైమట్టి క్రింద రాతి పగుళ్లలో నీరు నడచును. పగులు ఎటు పోయిన ఊటనీరు అటే పోయి బోరుబావిని చేరగలదు. వంకలో పడినది కుశస్థలి నదిని చేరును. ఆ నది తమిళనాడులోనికి ప్రవేశించి, మద్రాసు నగరమునకు త్రాగునీరిచ్చు పూండి జలాశయమునకు పోవును. మన దిబ్బ మన ఊరితో ఆగదని దీనివలన గ్రహింపవచ్చును.

రెండవది వాయువు. గాలి చొరని చోట చెత్త కుళ్లినపుడు మీథేను, బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇవి మట్టిలోని ప్రాణవాయువును తోసివేయుటచే మొక్కల వేళ్లు ఊపిరాడక చచ్చును. దిబ్బపై నాటిన చెట్లు రెండు మూడేండ్లు పెరిగి అకస్మాత్తుగా ఎండుటకు ఇది ఒక కారణము. మీథేను గాలిలో నూటికి 5 నుండి 15 పాళ్లు ఉన్నపుడు నిప్పు తగిలిన ప్రేలును. గది కట్టరాదనుటకు ఇదియే ముఖ్య కారణము. మూసిన గదిలో ఈ వాయువు చేరి నిలుచును.

మూడవది కుంగుట. లోపలి చెత్త కుళ్లి తరిగిన కొలది నేల ఒకచోట ఎక్కువగను, ఒకచోట తక్కువగను క్రుంగును. గోడలు బీటలువారును. పల్లములలో నీరు నిలిచి మరింత లోపలికి ఇంకును.

ముందుగా చేయవలసిన పరిశీలన

పని మొదలుపెట్టక పూర్వము గ్రామసభలో తీర్మానము చేసి, స్థలము ఎవరి పేరనున్నదో రెవిన్యూ రికార్డులలో చూచి, హద్దులు వేయింపవలెను. చదునైన పోరంబోకు ఆక్రమణకు లోనగుట మనమెరిగినదే. తరువాత ఈ క్రింది నాలుగు సంగతులను తెలిసికొనవలెను.

1. ఊరి పెద్దలను, పారిశుద్ధ్య కార్మికులను అడిగి దిబ్బలో ఏ యే వస్తువులు, ఎన్నేండ్లు పోయబడినవో వ్రాసికొనవలెను. రంగుల మడ్డి, రసాయన డబ్బాలు, ఆసుపత్రి వ్యర్థములు చేరినవని తెలిసినచో ఆ దిబ్బ పంచాయతీ చేతిపని కాదు. వెంటనే కాలుష్య నియంత్రణ మండలివారికి తెలుపవలెను.

2. యంత్రముతో నాలుగైదు చోట్ల పరీక్ష గుంతలు తీయించి, చెత్త ఎంత లోతున్నదో, ఎంతవరకు మాగినదో చూడవలెను. మనుష్యులు ఆ గుంతలలోనికి దిగరాదు. దగ్గరలో బీడీ, చుట్ట కాల్చరాదు. లోపల పొగ కనబడిన తవ్వుట ఆపి మట్టితో కప్పవలెను.

3. దూరములు కొలువవలెను. కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రకటించిన ఘన వ్యర్థముల నిబంధనలలో, చెత్తను పూడ్చు స్థలము నదికి 100 మీటర్లు, చెరువునకు, ఇండ్లకు, త్రాగునీటి బావులకు 200 మీటర్లు ఎడముగా ఉండవలెనని విధింపబడినది. క్రొత్త స్థలములకు చెప్పిన ఈ కొలత పాతదిబ్బను అంచనా వేయుటకును మంచి గురుతు.

4. దిబ్బకు మిట్టవైపున ఒక బావినుండి, పల్లపువైపున ఒక బావినుండి, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి నీటిని పరీక్ష చేయింపవలెను. పల్లపు బావిలో లవణములు, క్లోరైడు, నైట్రేటు మిట్టబావికంటె బాగుగా హెచ్చినచో ఊట చేరుచున్నదని అనుమానింపవలెను. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు.

ఈ పరిశీలన ముగిసిన తరువాత రెండు మార్గములు కలవు. దిబ్బ నీటికి, ఇండ్లకు దగ్గరగా ఉన్నను, పల్లపు బావి చెడినను జల్లించి తీసివేయుటే మేలు. దూరముగా, మిట్టన, నీరు చెడకుండ ఉన్నచో కప్పి పచ్చిక పెంచవచ్చును.

మొదటి మార్గము: జల్లించి తీయుట

ఈ పద్ధతి పట్టణములలో విరివిగా ఆచరణలోనికి వచ్చినది. మధ్యప్రదేశ్‌లోని ఇందూరు నగరములో 2018లో పాత చెత్తను జల్లించి సుమారు 100 ఎకరముల భూమిని ఖాళీ చేసిరి. మనకు దాపుననే తిరుపతి నగరపు చెత్త చేరిన రామాపురములోను పాత చెత్తను జల్లించు పని జరిగినది. పట్టణములలోని పాతదిబ్బల నన్నింటిని తొలగించుట 2021 అక్టోబరు 1న ఆరంభమైన రెండవ దశ స్వచ్ఛ భారత్ పథకపు లక్ష్యములలో ఒకటి. ఊరిదిబ్బకు అంత పెద్ద యంత్రములు అక్కరలేదు. విధానము మాత్రము అదియే.

ఎండకాలములో దిబ్బను పొరలుగా తవ్వి, ఆరడుగులకు మించని ఎత్తున బారుకుప్పలుగా పేర్చవలెను. వారమున కొకసారి తిరుగవేయుచు మూడు నాలుగు పర్యాయములు గాలి ఆడనిచ్చినచో దుర్వాసన, తేమ తగ్గి చెత్త పొడిపొడిగా విడివడును. తరువాత వాలు జల్లెడలో గాని, తిరుగుడు జల్లెడలో గాని జల్లింపవలెను. రాళ్లు, ఇటుక ముక్కలు పల్లములు పూడ్చుటకు, బాటలకు ఉపయోగపడును. ఇనుము, గాజు అమ్మవచ్చును. ప్లాస్టిక్, గుడ్డపీలికలను సిమెంటు కర్మాగారములు బట్టీలలో ఇంధనముగా తీసికొనును. ఏ భాగమును ఎవరు తీసికొందురో ముందుగా ఒప్పందము చేసికొననిదే జల్లించుట మొదలుపెట్టరాదు. లేనిచో ఒక దిబ్బ మూడు దిబ్బలగును.

పాతిక సెంట్ల స్థలములో సగటున అయిదడుగుల ఎత్తు చెత్త ఉన్నచో అది సుమారు 1,500 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రెయిలరుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున 500 బండ్లగును. ఒక వేసవిలో ముగింపగల పనియే. పనివారికి బూట్లు, చేతి తొడుగులు, ముక్కుగుడ్డలు తప్పనిసరిగా ఇవ్వవలెను. చెత్త ఏరుకొని జీవించు కుటుంబములు ఊరిలో ఉన్నచో ఆ పనిని మంచి కూలిపై వారికే ఇచ్చుట న్యాయము. ఏది ఏ వస్తువో వారికి తెలిసినంత మరియొకరికి తెలియదు.

జల్లెడమట్టిని చేలకు తోలవచ్చునా?

రైతు నేరుగా జాగ్రత్తపడవలసిన చోటు ఇదియే. జల్లించిన పిమ్మట మిగులు నల్లని మెత్తని మట్టి చూచుటకు మంచి ఎరువువలె ఉండును. చౌకగా వచ్చును, ఒక్కొక్కప్పుడు ఊరికే తోలెదమనియు అందురు. కాని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టునకు హద్దులు విధించినది. కిలోకు సీసము 100 మిల్లీగ్రాములు, కాడ్మియము 5, క్రోమియము 50, నికెలు 50 మించరాదు. లవణముల గురుతు 4 మించరాదు. దిబ్బమట్టి ఈ హద్దులలో ఉన్నదని కాగితము చూపనిదే దానిని ఎరువుగా కొనరాదు.

ఒక లెక్క చూడుడు. కిలోకు 200 మిల్లీగ్రాముల సీసమున్న మట్టిని ఎకరమునకు 10 టన్నులు తోలినచో, ఆ చేలో రెండు కిలోల సీసమును చల్లినట్లు. నత్రజని పైరు తినును, వాన కడుగును. సీసము ఎక్కడికిని పోదు. మన బిడ్డల నాటికిని ఆ మట్టిలోనే ఉండును. ప్లాస్టిక్ పీలికలు, గాజు పెంకులు సయితము అట్టివే. వేరుసెనగ కాయలను చేతితో ఏరుకొను మన చేలలో గాజు ముక్క ఎంత హానియో చెప్పనక్కరలేదు. మామిడి ఉప్పును ఓర్వలేని చెట్టు. లవణములు మిక్కుటముగానున్న మట్టిని పాదులలో వేసినచో ఆకు అంచులు మాడి చెట్టు క్షీణించును.

మామూలు భూసార పరీక్షలో లోహములను చూడరు. కావున ‘లోహముల పరీక్ష’ అని ప్రత్యేకముగా కోరవలెను. కుప్పలో పదిచోట్ల తీసిన మట్టిని కలిపి, దానిలోనుండి నమూనా పంపవలెను. కుండీలో ఆ మట్టి వేసి పెసలు చల్లి చూచు అలవాటు మంచిదే. మొలక సరిగా రానిచో లవణములో, పచ్చి చెత్తయో ఉన్నదని తెలియును. కాని మొలక బాగుగా వచ్చినంతమాత్రమున లోహములు లేవని అనుకొనరాదు. హద్దులు మించిన మట్టిని తొలగించిన స్థలములోనే పల్లముగా పరచి, పైన మంచిమట్టి కప్పి, పచ్చిక వేయుట తగిన పని.

రెండవ మార్గము: కప్పి పచ్చిక పెంచుట

కప్పుట యనగా నాలుగు తట్టల ఎర్రమట్టి చల్లుట కాదు. మన ఎర్రమట్టిలో ఇసుకపాలు ఎక్కువ. నీరు దానిగుండ సులభముగా దిగును. 2016 నిబంధనలలో చెప్పిన కప్పు మూడు పొరలది: అడుగున 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై నీరు ప్రక్కకు జారుటకు 15 సెంటీమీటర్ల ఇసుక లేక గులకరాళ్లు, పైన మొక్కలు పెరుగుటకు 45 సెంటీమీటర్ల మంచిమట్టి. మొత్తము నాలుగడుగులు. పాతిక సెంట్లకు ఇది 1,200 ఘనపు మీటర్లు, అనగా 400 ట్రెయిలర్లు.

ఖర్చు ఎక్కువగా తోచవచ్చును. కాని బంకమట్టి మన చెరువులలోనే ఉన్నది. పూడిక తీయు ఏడాదిలోనే కప్పు పనిని పెట్టుకొన్నచో చెరువు లోతగును, దిబ్బ మూయబడును. తడిపిన మట్టిని పెన్సిలు లావున పేని ఉంగరముగా వంచిన పగులకున్నచో అది తగిన బంకమట్టి. అరడుగు చొప్పున పరచి, తేమగా నున్నపుడే రోలరుతో అణచి, వెంటనే పైపొరలతో కప్పవలెను. ఎండనిచ్చినచో బీటలువారి శ్రమ వ్యర్థమగును. పైభాగమునకు నూరడుగులకు మూడు నుండి అయిదడుగుల వాలు ఇచ్చి, చుట్టును కాలువ తీయవలెను. బంకమట్టి క్రింద వాయువు నిలువకుండ రంధ్రముల గొట్టములను ఇంజనీరు సలహాపై అమర్చవలెను.

మొక్కల విషయములోను నిబంధన స్పష్టముగా ఉన్నది: స్థానికమైనవి, ఎండకు ఓర్చునవి, పలుయేండ్లు బ్రదుకునవి, తినుటకు పనికిరానివి కావలెను. దిబ్బ స్థిరపడువరకు వేళ్లు 30 సెంటీమీటర్లకు మించి దిగరాదు. కావున మొదటి యేండ్లలో గరికవంటి నేలనంటి పాకు గడ్డి శ్రేష్ఠము. కాని దానిని పశువులకు మేపరాదు, కంచె వేయవలెను. వట్టివేరు మట్టిని పట్టుటలో మేటియే గాని, దాని వేళ్లు మనిషి ఎత్తుకంటె లోతు దిగి బంకపొరను చీల్చును. దానిని దిబ్బ పాదమున, కాలువగట్టున సహజమైన నేలలో నాటవలెను. వేప, కానుగ హద్దుకు వెలుపలనే ఉండవలెను. కప్పు మీద నీరు పారింపరాదు. ఆపుటకు శ్రమపడిన నీటిని మరల పోసినట్లగును. అందుచే బంతి, చామంతి వంటి తడిపంటలును తగవు.

కూరగాయలను గూర్చి ఒక మాట. కోల్‌కతాకు తూర్పున ధాపాలో నూరేండ్లకు పైగా నగరపు చెత్తపై కూరగాయలు పండించుచున్నారు. పంట ఏపుగా వచ్చును. అయినను అచ్చటి మట్టిలోను, కూరలలోను సీసము, కాడ్మియము వంటి లోహములు చేరినట్లు శాస్త్రజ్ఞుల పరీక్షలలో కనబడినది. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలలోనికి ఇవి మరింత సులభముగా ఎక్కును. పైరు పచ్చగా నున్నది గనుక మేలే అనుకొనుట తగదు.

ఏ ఉపయోగము ఎచ్చట తగును?

చెత్తను పూర్తిగా తీసివేసి, అడుగుమట్టి పరీక్షలో మంచిదని తేలిన స్థలమును ఊరు తన ఇచ్చవచ్చినట్లు వాడుకొనవచ్చును. నగరి ప్రాంతమునకు మిక్కిలి అవసరమైనది ఉమ్మడి కళ్లము. వరి, వేరుసెనగను రోడ్డుమీద ఆరబోసి ప్రమాదములకు లోనగుట తప్పును. సంచులలో మంచిమట్టి నింపి మామిడి అంట్ల నారుమడి పెట్టవచ్చును. పశువైద్య శిబిరమునకు, వారపు సంతకు, బిడ్డల ఆటస్థలమునకు వాడవచ్చును.

కప్పిన దిబ్బ మీద ఇవేవియు కూడవు. అచ్చట తగినవి పచ్చికబయలు, కాలిబాట, పునాది తవ్వక సిమెంటు దిమ్మెలపై నిలుపు సౌర ఫలకములు. ఆ విద్యుత్తు ఊరి నీటి పంపునకో, వీధిదీపములకో పనికివచ్చును. అమెరికాలో న్యూయార్కు నగరపు ఫ్రెష్ కిల్స్ అను 2,200 ఎకరముల చెత్తభూమి 2001లో మూసివేయబడినది. దానిని కప్పి పచ్చిక పెంచి భాగభాగములుగా ఉద్యానవనముగా మార్చుచున్నారు. ఉత్తరభాగములో ఒక తునక 2023లో ప్రజలకు తెరువబడినది. అంత ధనమున్న నగరమే ఇరువదియేండ్లకు పైగా ఓర్పు వహించినది. మన నిబంధనయు మూసిన తరువాత కనీసము 15 ఏండ్లు కాపు ఉండవలెననియు, వాయువు, ఊటనీరు పరీక్షించి, నేల స్థిరపడినదని తేలిన పిమ్మటనే ఇండ్లు మొదలైన వానికి యోచింపవచ్చుననియు చెప్పినది.

పనుల క్రమము

జనవరి, ఫిబ్రవరి: గ్రామసభ తీర్మానము, హద్దులు, పరీక్ష గుంతలు, నీటి నమూనాలు.

మార్చి నుండి మే: తవ్వుట, ఆరబెట్టుట, జల్లించుట. లేక కప్పవలసిన దిబ్బకు వాలు తీర్చుట, చెరువు మట్టి తోలుట.

జూన్, జూలై: బంకపొర, జారుడుపొర, పైమట్టి ముగించుట.

ఆగస్టు, సెప్టెంబరు: వానతడిలో గరిక నాటుట, పాదమున వట్టివేరు నాటుట.

అక్టోబరు నుండి డిసెంబరు: మన ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనపు జడివానలు వచ్చు కాలము. ప్రతి పెద్దవాన తరువాత దిబ్బ చుట్టు నడిచి, కోతపడిన చోట్లు, కుంగిన చోట్లు పూడ్చవలెను. పల్లపు బావినీటిని రెండవసారి పరీక్షింపవలెను.

ఈ చివరి పనిని ఏటేట చేయుటకు ఊరిలో నలుగురైదుగురి సంఘమును ఏర్పరచి, పంచాయతీ లెక్కలలో కొంత సొమ్ము కేటాయింపవలెను. కప్పు వేసిన మొదటి ఏడాది అందరు చూతురు. అయిదవ ఏట చూచువారు లేకనే కప్పులు చెడిపోవును. బావి చెడిన తరువాత దిబ్బను గూర్చి యోచించుట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయే అగును.

రైతులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి ఇవి: పరీక్ష కాగితము లేని దిబ్బమట్టిని చేలోనికి రానీయకుడు. మూసిన దిబ్బపై తినెడు పంటగాని, బావిగాని, గదిగాని వలదు. నీటికి దగ్గరగానున్న దిబ్బను కప్పక, తీసివేయుడు. మీ ఊరి దిబ్బను గూర్చి సందేహములున్నచో రైతు సేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకుని ద్వారా గాని, తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమునకు వ్రాసి గాని, మట్టి, నీటి నమూనాలు తీయు విధమును, లోహముల పరీక్ష చేయు ప్రయోగశాల వివరములను ముందుగా తెలిసికొని పనికి పూనుకొనుడు.